మెరీనాలో ఆరడుగుల నేల

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి మద్రాసు చూడబోయేవాళ్ల జాబితా తరాలు మారినా పెద్దగా మారలేదు. టీ నగర్‌లో బట్టలు, మైలాపూర్‌లో కపాలీశ్వరుడి గుడి, సాయంత్రానికి మెరీనా. మెరీనాకు వెళ్లినవాళ్లు నీళ్లలో కాళ్లు తడుపుకోకుండా అయినా వస్తారేమో కానీ ఎంజీఆర్ సమాధి చూడకుండా రారు. చెప్పులు బయట వదిలి, వరుసలో నిలబడి, తమ వంతు రాగానే మోకాళ్ల మీద కూర్చుని రాతికి చెవి ఆనిస్తారు. ఆయన్ను చేతి గడియారంతోనే పూడ్చారని, అది ఇంకా ఆడుతోందని జనం నమ్మకం. పెద్దవాళ్లు ముందు తాము విని, తర్వాత పిల్లల తల పట్టుకుని రాతికి ఆనించి “వినపడిందా?” అని అడుగుతారు. వినపడలేదని చెప్పే పిల్లలు తక్కువ.

ఎంజీఆర్ పోయింది 1987 డిసెంబరు 24న. గడియారానికి అంత ఆయుష్షు ఉండదని ఆ వరుసలో నిలబడిన ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా వంగుతారు. తమకు ఒకప్పుడు ఏదో మేలు చేశాడని నమ్మిన మనిషి దగ్గర ఇంకొక్క నిమిషం ఉండడానికి ఆ గడియారం ఒక సాకు. నాయకుల సమాధుల గురించి రాయాలంటే నేను ఈ వంగే మనుషుల దగ్గర్నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే ఆ నేల కోసం జరిగిన కొట్లాటల్లో వాళ్ల మాట ఎవరూ అడగలేదు.

కామరాజర్ సాలైలో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఎదురుగా, కూవం నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, రెండు పెద్ద ఆవరణలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదానిలో అన్నాదురై, కరుణానిధి. ఇంకోదానిలో ఎంజీఆర్, జయలలిత. నలుగురూ ముఖ్యమంత్రులే, నలుగురూ సినిమాలోంచి వచ్చినవాళ్లే. అన్నా ‘వేలైక్కారి’ రాశాడు, కరుణానిధి ‘పరాశక్తి’ రాశాడు, ఎంజీఆర్ తెరనేలాడు. జయలలిత అయితే మనకూ కథానాయికే. ‘మనుషులు మమతలు’, ‘చిక్కడు దొరకడు’, ‘కథానాయకుడు’ చూసిన తరం తెలుగువాళ్లు ఆమె సమాధి ముందు నిలబడి మాట్లాడుకునేది రాజకీయం కాదు, ఎన్టీఆర్ పక్కన ఆమె వేసిన స్టెప్పుల గురించి.

ఈ వరుస అన్నాతో మొదలైంది. 1967లో కాంగ్రెస్‌ను ఓడించి ముఖ్యమంత్రి అయిన అన్నాదురై రెండేళ్లు కూడా పూర్తికాకుండానే కేన్సర్‌తో 1969 ఫిబ్రవరి 3న చనిపోయాడు. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అనే పేరు అధికారికంగా వచ్చి అప్పటికి నెలైనా కాలేదు. అంత్యక్రియలకు కోటిన్నర మంది వచ్చారని గిన్నిస్ పుస్తకం రాసుకుంది. ఆ లెక్క ఎంత ఖచ్చితమో పక్కన పెడితే, దక్షిణాది జిల్లాల నుంచి రైలు పైకప్పులెక్కి బయల్దేరినవాళ్లలో కొందరు కొళ్లిడం వంతెన ఇనుప దూలాలు తగిలి దారిలోనే చనిపోయారన్నది మాత్రం నిజం. చూడాలనుకున్న మనిషిని చూడకుండానే పోయిన ఆ అభిమానుల పేర్లు ఏ రాతి మీదా లేవు.

అన్నాను దహనం చేయలేదు, పూడ్చారు. పురోహితుడు, మంత్రాలు, చితాభస్మం అక్కర్లేదన్న హేతువాద ఉద్యమంలో పుట్టిన పార్టీ కదా, అందులో సిద్ధాంతం ఉంది. తమిళనాడులోనే కాదు, మన పల్లెల్లో కూడా చాలా కులాలవాళ్లు చనిపోయినవాళ్లను పూడ్చడమే ఆచారం, కాబట్టి జనానికి అది వింతగానూ అనిపించలేదు. దీని ఫలితం మాత్రం దేశంలో ఇంకెక్కడా ఇంత స్పష్టంగా కనిపించదు. దహనం చేస్తే బూడిద నదిలో కలిసిపోతుంది. పూడిస్తే మనిషి ఒకచోట ఉంటాడు. ఎన్నికల ముందు వచ్చి దండం పెట్టడానికి, పార్టీ చీలినప్పుడు వచ్చి కన్నీళ్లు పెట్టుకోవడానికి, కొత్త పదవి రాగానే వచ్చి పూలు చల్లడానికి ఒక చిరునామా ఉంటుంది. అన్నా సమాధి దగ్గర ఆరకుండా వెలిగే దీపం ఒకటి ఉంది. ఆ దీపం సాక్షిగా గత యాభై ఏళ్లలో చేసిన ప్రతిజ్ఞలన్నీ ఎవరైనా రాసి పెట్టి ఉంటే అదే తమిళ రాజకీయ చరిత్ర అయ్యేది.

ఎంజీఆర్‌ను గంధపు చెక్క పెట్టెలో పెట్టి అన్నాకు కాస్త దూరంలో పూడ్చారు. అన్నాను గురువుగా చెప్పుకుని, ఆయన పేరు మీదే అన్నాడీఎంకే పార్టీ పెట్టిన మనిషికి అక్కడ చోటు ఇవ్వడం మీద అప్పట్లో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. తెలుగువాళ్లకు ఆయన సినిమా ఎంజీఆర్‌గానే కాదు, ఇంకో రకంగానూ గుర్తుండాలి. 1983 ఏప్రిల్‌లో ఆయనా ఎన్టీఆరూ కలిసి తెలుగుగంగ ఒప్పందం మీద సంతకాలు చేశారు. కృష్ణా నీళ్లలో తలా 5 టీఎంసీలు ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర మద్రాసుకు ఇవ్వాలన్న ఒప్పందం అది. ఇద్దరు సినిమా హీరోలు ముఖ్యమంత్రులై, దాహంతో ఉన్న ఊరి కోసం కాలువ తవ్వించారు. ఆ కాలువ నీళ్లు మద్రాసుకు చేరింది 1996లో. అప్పటికి ఎంజీఆర్ లేడు. అదే ఏడు జనవరిలో ఎన్టీఆర్ కూడా పోయాడు.

1987 డిసెంబరులో రాజాజీ హాలులో ఎంజీఆర్ భౌతికకాయం తల దగ్గర జయలలిత మొదటి రోజు 13 గంటలు, రెండో రోజు 8 గంటలు కదలకుండా నిలబడింది. సముద్రం దాకా ఊరేగింపుగా తీసుకెళ్లే సైనిక వాహనం ఎక్కబోతే కిందికి నెట్టేశారు. ఆమె ఇంటికి వెళ్లిపోయింది, సమాధి దాకా రాలేకపోయింది. దాదాపు 29 ఏళ్ల తర్వాత, 2016 డిసెంబరు 6 సాయంత్రం, అలాంటి ఊరేగింపులోనే వచ్చి ఆయన పక్కనే చేరింది. ఆమె అయ్యంగార్ కుటుంబంలో పుట్టింది, దేవుణ్ణి నమ్మింది, గుళ్లకు మొక్కులు చెల్లించింది. ఆచారం ప్రకారమైతే దహనం చేయాలి. పార్టీ పూడ్చింది. వారం తిరిగేసరికి ఆమె బంధువులమని చెప్పినవాళ్లు కొందరు శ్రీరంగపట్నంలో కావేరి ఒడ్డున బొమ్మ పెట్టి దహన సంస్కారం చేశారు. ఒక మనిషికి రెండుసార్లు, రెండు రకాలుగా అంత్యక్రియలు జరిగాయి. మొదటిది పార్టీ కోసం, రెండోది ఆత్మ కోసం అనుకోవాలి.

ఆ సమాధి మీద మట్టి ఆరకముందే అక్కడ రాజకీయం మొదలైంది. 2017 ఫిబ్రవరి 7 రాత్రి అప్పటి ముఖ్యమంత్రి ఓ. పన్నీర్ సెల్వం ఒక్కడే వచ్చి సమాధి ముందు కళ్లు మూసుకుని దాదాపు 40 నిమిషాలు కూర్చున్నాడు. లేచి బయటికొచ్చి, తనతో బలవంతంగా రాజీనామా చేయించారని విలేకరులకు చెప్పాడు. పార్టీ చీలింది. సరిగ్గా ఎనిమిది రోజులకు, సుప్రీంకోర్టు తీర్పుతో బెంగళూరు జైలుకు బయల్దేరిన జయలలిత నెచ్చెలి శశికళ దారిలో అక్కడ ఆగింది. పూలు పెట్టి, వంగి, అరచేత్తో సమాధిని మూడుసార్లు గట్టిగా చరిచింది. పళ్లు బిగించి ఏదో అంది. ఆ దృశ్యాన్ని ఆ రోజు టీవీలో మళ్లీ మళ్లీ చూపించారు. ప్రతిజ్ఞ అన్నారు, శపథం అన్నారు, కోపం అన్నారు. నాకైతే ఆ చెయ్యి చూస్తే, తలుపు వేసేసిన ఇంటి ముందు నిలబడి తలుపు కొట్టే మనిషి చెయ్యిలా అనిపించింది. నాలుగేళ్లకు, 2021 జనవరి 27న, ఆ చోట కట్టిన ఫీనిక్స్ పక్షి ఆకారపు స్మారకాన్ని ముఖ్యమంత్రి పళనిస్వామి ప్రారంభించాడు. శశికళ శిక్ష ముగిసి విడుదలైంది కూడా సరిగ్గా ఆ రోజే. ఆమె ఆ సమాధి దగ్గరికి రాగలిగింది మళ్లీ అక్టోబరులో. ఈసారి చరచలేదు, ఏడ్చింది.

ఆదాయానికి మించిన ఆస్తుల కేసులో విచారణ కోర్టు దోషిగా తేల్చిన నాయకురాలికి ప్రజల డబ్బుతో స్మారకం ఏమిటని ఒకరు కోర్టుకెక్కారు. ఆమె చనిపోయాక వచ్చిన తీర్పును ఆమెకు అంటగట్టలేమన్న వాదన నిలిచింది. 2019లో మద్రాసు హైకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. స్మారకానికి 50 కోట్లకు పైగా కేటాయించారు. ఆ డబ్బు గురించి అడిగిన ప్రశ్న మాత్రం చిన్నది కాదు. సమాధి మీద భక్తి జనానిది, కట్టడం మీద ఖర్చు ఖజానాది. ఈ రెంటికీ మధ్య గీత గీయాల్సినవాళ్లు ఏ పార్టీ వాళ్లయినా ఇంతవరకు గీయలేదు.

మనకూ ఇది కొత్తేం కాదు. 2009 సెప్టెంబరులో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డిని ఇడుపులపాయలో పూడ్చారు. జులై 8, సెప్టెంబరు 2 తేదీల్లో అక్కడ ఎవరు ఎవరితో వచ్చారు, ఆయన పిల్లలైన అన్నాచెల్లెళ్లు కలిసి వచ్చారా విడిగా వచ్చారా అన్నది ఆ రోజు పెద్ద వార్త. 2024 మార్చిలో వైఎస్సార్ కాంగ్రెస్ తన అభ్యర్థుల జాబితా ప్రకటించింది ఆ ఘాట్ దగ్గరే. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎన్టీఆర్ ఘాట్‌కు జనవరి 18న, మే 28న తెల్లవారుజామునే వచ్చేవాళ్ల వరుస చూసినా మన రాజకీయాల్లో ఎవరెక్కడున్నారో సగం అర్థమవుతుంది. అక్కడికి దగ్గర్లోనే పి.వి. నరసింహారావు జ్ఞానభూమి ఉంది. ప్రధానిగా చేసిన మనిషికి ఢిల్లీలో చోటు కావాలని కుటుంబం కోరుకున్నా, 2004 డిసెంబరులో అంత్యక్రియలు హైదరాబాద్‌లోనే జరిగాయి. ఆ బాధ తెలుగువాళ్లకు ఇంకా పోలేదు. అందుకే 2018 ఆగస్టులో మద్రాసులో జరిగిందాన్ని మనవాళ్లు పక్క రాష్ట్రం వార్తగా చూడలేదు.

ఆ రాత్రి గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

2018 ఆగస్టు 7 సాయంత్రం 6 గంటల 10 నిమిషాలకు కావేరి ఆసుపత్రిలో కరుణానిధి కన్నుమూశాడు. 94 ఏళ్లు. ఐదుసార్లు ముఖ్యమంత్రి, పదమూడుసార్లు శాసనసభకు నెగ్గినవాడు, పోటీ చేసిన ఏ అసెంబ్లీ ఎన్నికలోనూ ఓడనివాడు. అన్నా చనిపోయినప్పుడు ఆయన రాసి చదివిన కవితాంజలి తమిళులకు కంఠతా వచ్చు. నీ హృదయాన్ని నాకు అప్పుగా ఇవ్వు, నేను నీ దగ్గరికి వచ్చినప్పుడు తిరిగి తెచ్చి నీ పాదాల దగ్గర పెడతానని అందులో అన్నాను అడిగాడు. యాభై ఏళ్లుగా ఆ మాట విన్న కార్యకర్తలకు ఆయన ఎక్కడికి వెళ్లాలన్నది ప్రశ్నే కాదు. అప్పు తీర్చడానికి అన్నా పక్కకే వెళ్లాలి.

ఆయన బతికుండగానే, ఆ రోజు మధ్యాహ్నం తర్వాత, కొడుకు స్టాలిన్, కుటుంబం, పార్టీ పెద్దలు ముఖ్యమంత్రి పళనిస్వామి ఇంటికి వెళ్లి మెరీనాలో చోటు అడిగారు. తాను ముఖ్యమంత్రి చేతులు పట్టుకుని బతిమాలానని స్టాలిన్ తర్వాత పార్టీ సమావేశంలో చెప్పాడు. మరణవార్త వచ్చిన కాసేపటికే ప్రభుత్వం నుంచి ప్రకటన వచ్చింది. మెరీనాలో సమాధుల మీద తీరప్రాంత నియమాల పేరుతో హైకోర్టులో కేసులున్నాయి, న్యాయపరమైన చిక్కులున్నాయి, బదులుగా గిండీ వైపు గాంధీ మండపం దగ్గర రెండెకరాలు ఇస్తామన్నారు. ఆసుపత్రి బయట ఉన్న జనం బారికేడ్లు నెట్టారు. పోలీసులు లాఠీలు ఎత్తారు.

డీఎంకే రాత్రికి రాత్రే హైకోర్టు తలుపు తట్టింది. తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి ఇంట్లో, రాత్రి పదిన్నర దాటాక, విచారణ మొదలైంది. అర్ధరాత్రి దాటి నడిచి పొద్దున ఎనిమిదికి వాయిదా పడింది. పదవిలో ఉండగా చనిపోయినవాళ్లకే మెరీనా అని ప్రభుత్వం వాదించింది. అందులో నిజం లేకపోలేదు. అన్నా, ఎంజీఆర్, జయలలిత ముగ్గురూ ముఖ్యమంత్రులుగా ఉండగానే పోయారు. కరుణానిధి మాజీ. ఇంకో మాట కూడా అన్నారు: ఎంజీఆర్ భార్య, మాజీ ముఖ్యమంత్రి జానకీ రామచంద్రన్ చనిపోయినప్పుడు మెరీనాలో చోటివ్వనిది ముఖ్యమంత్రిగా ఉన్న కరుణానిధే కదా అని. ద్రవిడ నాయకుడిని తీసుకెళ్లి గాంధేయుల మధ్య పెట్టడం ఆయన జీవితానికి తగిన వీడ్కోలు కాదని డీఎంకే వాదించింది. ఆ పొద్దున్నే, మెరీనా సమాధుల మీద కేసులు వేసినవాళ్లు ఒకరొకరుగా వాటిని వెనక్కి తీసుకున్నారు. ప్రభుత్వం చూపించిన అడ్డంకి అక్కడికక్కడే పోయింది. పదకొండు కాకముందే తీర్పు వచ్చింది. అన్నా పక్కన చోటు ఇవ్వాలని.

రాజాజీ హాలులో తండ్రి భౌతికకాయం పక్కన నిలబడి ఉన్న స్టాలిన్‌కు ఎవరో వచ్చి ఆ మాట చెప్పారు. రెండు చేతులూ జోడించి జనం వైపు తిరిగాడు, అంతలో వెక్కి వెక్కి ఏడ్చాడు. తండ్రి పోయినప్పుడు తట్టుకున్న మనిషి నేల దొరికిందనగానే తట్టుకోలేకపోయాడు. ఆ రోజు అక్కడి తొక్కిసలాటలో ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో పెట్టెను దించారు. విశ్రాంతి లేకుండా పనిచేసినవాడు ఇక్కడ విశ్రాంతి తీసుకుంటున్నాడని ఆ పెట్టె మీద రాసి ఉంది. ఆ వాక్యం ఆయన ఎప్పుడో తన కోసం తానే చెప్పుకున్నది.

ఆ రాత్రి ప్రభుత్వం చేసింది తప్పని నేను నమ్ముతాను. తీరప్రాంత నియమాలు నిజంగా అడ్డయితే అవి 2016 డిసెంబరులోనూ అడ్డే. రాజకీయంగా యాభై ఏళ్లు తిట్టుకున్నవాళ్లు కూడా శవం ముందు పంతం పట్టకూడదని మన పల్లెల్లో చదువులేని పెద్దలు సైతం చెబుతారు. అయితే కరుణానిధి చోటు కోసం పోరాడినవాళ్లు, ఆయన హయాంలో జానకమ్మకు ఆ చోటు ఎందుకు దక్కలేదన్న ప్రశ్న దగ్గర ఆగలేదు. ఆమె 24 రోజులే కావచ్చు, ముఖ్యమంత్రిగా కూర్చుంది. రూల్ ఒకటే అయితే అది అందరికీ ముందే తెలియాలి. ఎవరు అధికారంలో ఉంటే వాళ్ల నోటిలోంచి ఆ రాత్రికి పుట్టే రూల్ రూల్ కాదు.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. డీఎంకే అధికారంలోకి వచ్చింది. 2.21 ఎకరాల్లో, 39 కోట్లతో కరుణానిధి స్మారకం కడతామని 2021 ఆగస్టులో శాసనసభలో ప్రకటించారు. 2024 ఫిబ్రవరి 26న అన్నా సమాధిని బాగుచేసి, కరుణానిధి స్మారకంతో కలిపి ప్రారంభించారు. నేల కింద మ్యూజియం ఉంది. అది చాలదన్నట్టు, ఒడ్డు నుంచి 360 మీటర్లు లోపల, సముద్రంలో 134 అడుగుల ఎత్తున ఆయన కలాన్ని నిలబెట్టాలని 81 కోట్లతో ఇంకో ప్రతిపాదన తెచ్చారు. 2023 జనవరి చివర్లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే అక్కడ అరుపులు, తోపులాటలు అయ్యాయి. మత్స్యకారుల మాట సూటిగా ఉంది. అది మేం వల వేసే నీళ్లు, అక్కడ పునాది వేస్తే మా బతుకు పోతుంది అన్నారు. వాళ్ల పక్షానే నేనూ ఉంటాను. కలంతో బతికిన మనిషికి సమాధి పక్కన ఆయన పుస్తకాలు చదువుకునే చోటు చాలు, చేపల దారిలో సిమెంటు అక్కర్లేదు. ఆ తీరం ముందు ఎవరిదన్న ప్రశ్నకు పార్టీలన్నీ ఒకే రకంగా కళ్లు మూసుకున్నాయి. నొచ్చికుప్పం, నడుకుప్పం, అయోధ్యకుప్పం వంటి బెస్త పేటలు సమాధులకన్నా చాలా ముందు నుంచీ అక్కడున్నాయి.

మెరీనాలో లేనివాళ్ల జాబితా కూడా చూడాలి. 1972 డిసెంబరులో పోయిన రాజాజీకి, 1975 గాంధీ జయంతి రోజున పోయిన కామరాజుకు గిండీలో గాంధీ మండపం పక్కన స్మారకాలున్నాయి. కరుణానిధికి ఇస్తామన్నది ఆ పక్కనే. అటువైపు సమాధుల రద్దీ ఉండదు, చెట్లుంటాయి, చదువుకునే పిల్లలుంటారు. మెరీనా నుంచి మైలాపూర్ వైపు తిరిగితే రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు 58 రోజులు అన్నం మాని 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలిన ఇల్లు ఉంది. ఆ ఇంటిని స్మారకంగా ఉంచారు. ఎంజీఆర్ గడియారం విని వెనక్కి వచ్చే మన బస్సులు అక్కడ ఆగడం అరుదు. తెలుగు రాష్ట్రం కోసం పోయిన ప్రాణం అది, ఒక్క అరగంట ఆగవచ్చు.

వేపేరిలో పెరియార్ తిడల్ ఉంది. శాసనసభకు పోటీ చేయని, మంత్రి పదవి తీసుకోని పెరియార్ 1973 డిసెంబరు 24న వేలూరులో చనిపోయాడు. ఎంజీఆర్ పోయింది కూడా పద్నాలుగేళ్ల తర్వాత అదే తేదీన. ఏ హోదా లేని మనిషికి ప్రభుత్వ లాంఛనాలు ఎలా ఇస్తారని అధికారులు సందేహిస్తే, అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి ఇచ్చి తీరాల్సిందేనన్నాడని చెబుతారు. ఇచ్చారు. తన ఉద్యమం సొంత స్థలంలోనే ఆయన్ను పూడ్చారు, పక్కన 1978లో భార్య మణియమ్మైను పూడ్చారు. పార్టీల తండ్రికి పార్టీల మధ్య చోటు అవసరం పడలేదు.

విజయకాంత్‌ది ఇంకో దారి. తెలుగు మూలాలున్న కుటుంబంలో మదురైలో పుట్టి, సినిమాల్లో కెప్టెన్ అయి, 2011లో ప్రతిపక్ష నాయకుడై, 2023 డిసెంబరు 28న పోయిన ఆయన్ను కోయంబేడులో సొంత పార్టీ కార్యాలయంలోనే పూడ్చారు. సెట్లో చివరి మనిషి దాకా తనతో సమానంగా భోజనం పెట్టించాడన్న పేరు ఆయనకుంది. ఇప్పుడు ఆ సమాధికి వచ్చినవాళ్లకు రోజూ అన్నం పెడుతున్నారు. బస్టాండు దగ్గరే కాబట్టి కూలీలు, ఊళ్ల నుంచి దిగినవాళ్లు, ఆసుపత్రి పనుల మీద వచ్చినవాళ్లు ఆ పంక్తిలో కూర్చుంటారు. పార్టీకి ఓట్లు తగ్గిపోయాయి, పంక్తి తగ్గలేదు. మద్రాసు నాయకుల సమాధులన్నిటిలో నాకు నచ్చింది ఇదే.

అదే పని, అంటే సొంత పార్టీ కార్యాలయంలో పూడ్చడం, ఇంకొకరికి కుదరలేదు. 2024 జులై 5 సాయంత్రం బహుజన్ సమాజ్ పార్టీ తమిళనాడు అధ్యక్షుడు, న్యాయవాది ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పెరంబూరులో ఇంటి దగ్గరే కత్తులతో నరికి చంపారు. పెరంబూరులోని పార్టీ ఆఫీసులో పూడ్చుకుంటామని భార్య అడిగింది. కార్పొరేషన్ ఒప్పుకోలేదు. ఆదివారం అయినా హైకోర్టు ప్రత్యేకంగా విచారించింది. అది ఇళ్ల మధ్య స్థలం, వీధి ఇరుకు, జనం వస్తే ప్రమాదమన్నారు. శ్మశానంగా నమోదు కాని చోట పూడ్చాలంటే అనుమతి కావాలన్నది చట్టం. ఆ మాట కాదనలేం. కానీ కోయంబేడు తలుపు ఆరు నెలల కింద తెరుచుకోవడం చూసిన జనానికి పెరంబూరు తలుపు ఎందుకు మూసుకుందో చెప్పడం కష్టం. వీధి ఇరుకని న్యాయస్థానం అంది. దళితవాడల్లో వీధులు ఎందుకు ఇరుకుగా ఉంటాయన్నది కోర్టు ముందుకు రాని ప్రశ్న. చివరికి తిరువళ్లూరు జిల్లా పొత్తూరులో, బంధువుల స్థలంలో, బౌద్ధ సంప్రదాయంలో ఆయన్ను పూడ్చారు. అంతకు ముందు మాయావతి వచ్చి నివాళులర్పించి వెళ్లారు. ఇప్పుడు పెరంబూరు కుర్రాళ్లు ఆయన్ను చూడాలంటే ఊరు దాటాలి.

ఈసారి మద్రాసు వెళ్లేవాళ్లకు ఒక మాట. మెరీనా సమాధుల్లో రద్దీ తగ్గాలంటే పొద్దున్నే వెళ్లండి. చెవి ఆనించాలనిపిస్తే ఆనించండి, సిగ్గుపడాల్సిందేం లేదు. తర్వాత గుగ్గిళ్లో మిరపకాయ బజ్జీలో తిని, ఆటో ఎక్కి ట్రిప్లికేన్ పెద్ద మసీదు దాకా వెళ్లండి. మహా అయితే పది నిమిషాలు. ఆర్కాటు నవాబు వాలాజా పేరు మీద ఉన్న ఆ మసీదు ఆవరణలో ఖాయిదే మిల్లత్ మహమ్మద్ ఇస్మాయిల్ సమాధి ఉంది. రాజ్యాంగ సభలో కూర్చున్నాడు. కేరళలోని మంజేరి నుంచి వరసగా లోక్‌సభకు గెలిచాడు. ముస్లిం లీగ్‌ను విభజన తర్వాత కూడా ఈ దేశంలో నిలబెట్టి, రాజ్యాంగ సభలో తమిళం కోసం మాట్లాడాడు. 1972 ఏప్రిల్ 5న పోయాడు. ఆ సమాధికి ఫీనిక్స్ లేదు, రెండాకుల తోరణం లేదు, టికెట్టు లేదు. ఏటా జూన్ 5న, ఆయన పుట్టిన రోజున, ముఖ్యమంత్రి వచ్చి పూల చాదర్ కప్పి వెళ్తారు. అన్నాడీఎంకే వాళ్లూ వస్తారు, మిగతా పార్టీల వాళ్లూ వస్తారు. ఎవరి పూలు ఎవరూ తీసి పక్కన పెట్టరు.